ఖాళీ, తీరిక, వీలు, ఓపిక: ‘టైము లేదు’ అన్నప్పుడు లేనిది ఏది?

2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పని గంటల పరిమితిని తొమ్మిది నుంచి పదికి పెంచాలని నిర్ణయించింది. జూలై మొదటి వారంలో తెలంగాణ ప్రభుత్వం కూడా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల వరకు పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. రెండు చోట్లా వారానికి 48 గంటల పరిమితి మాత్రం అలాగే ఉంది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు రేగిన దుమారం ఇంకా పూర్తిగా సర్దుకోకముందే ఈ మార్పులు వచ్చాయి.

ఈ చర్చలన్నీ యజమానికి చెందే గంటల చుట్టూనే తిరిగాయి. ఇళ్లలో వినిపించే ప్రశ్న వేరు. సంగీతం నేర్చుకోవాలనుకున్నవాళ్లు, డీఎస్సీ రాయాలనుకున్నవాళ్లు, ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేయాలనుకున్నవాళ్లు అడిగేది ఒక్కటే: ఉద్యోగం, ఇల్లు పోను నాకంటూ ఎంత మిగులుతుంది? కాగితం మీద లెక్క వేస్తే చాలానే మిగిలినట్టు కనిపిస్తుంది. రాత్రి పడుకునేటప్పుడు చూసుకుంటే ఏమీ మిగలదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఎక్కడ పుడుతోందో చూద్దాం.

ఒకే జవాబు, నాలుగు అర్థాలు

‘టైము లేదు’ అనే మాట వచ్చాక మనం కొంచెం బద్ధకించాం గానీ, ఈ విషయంలో తెలుగుకు ఉన్న పదసంపద చిన్నది కాదు.

‘ఖాళీ లేదు’ అంటే గడియారంలో చోటు లేదని. ఆ గంటలో వేరే పని ఉంది, అంతే. ‘ఓపిక లేదు’ అంటే గంట ఉంది, ఒంట్లో సత్తువ లేదని. ‘వీలు కాదు’ అన్నప్పుడు గంటా ఉండవచ్చు, సత్తువా ఉండవచ్చు, ఆ గంట మన చేతిలో ఉండదు. ఎవరో పిలుస్తారు, ఎవరినో అడగాలి, ఎవరో ఒప్పుకోవాలి.

ఇక ‘తీరిక’. ఇది ‘తీరు’ అనే క్రియ నుంచి వచ్చిన మాట. పని తీరిపోయాక వచ్చేది తీరిక. మనసు మీద ఏ పనీ వేలాడని స్థితి అది. చిక్కు కూడా ఇక్కడే ఉంది. పొలంలో కోత ఒక రోజుకు తీరుతుంది. గిన్నెలు తోమడం ఏ రోజుకూ తీరదు, ఆఫీసు మెయిళ్లూ అంతే. పని తీరాక మొదలుపెడదామని కూర్చున్నవాళ్లకు మొదలుపెట్టే రోజు రాదు. పైగా ‘తీరి కూర్చుని చేశాడు’ అంటే మనకు మెప్పు కాదు, ఎత్తిపొడుపు. తీరిక మీద మనకున్న చిన్నచూపు నుడికారంలోనే కూర్చుంది.

ఈ నాలుగింటికీ మందులు నాలుగు. ఒకదానికి ఇవ్వాల్సింది ఇంకోదానికి ఇచ్చి, పని చేయలేదని బాధపడటం ఈ విషయంలో అందరూ చేసేదే.

ప్రభుత్వం మన రోజును కొలిచిన తీరు

మనం రోజు ఎలా గడుపుతున్నామో కేంద్ర గణాంక శాఖ దేశవ్యాప్తంగా రెండుసార్లు లెక్క తీసింది, 2019లో ఒకసారి, 2024లో మరోసారి. దీన్ని సమయ వినియోగ సర్వే అంటారు. రెండో సర్వేలో ఆరేళ్లు దాటిన సుమారు 4 లక్షల 54 వేల మంది వివరాలు సేకరించారు. సర్వే చేసేవారు ఇంటికి వచ్చి, నిన్న తెల్లవారుజామున నాలుగు నుంచి ఇవాళ తెల్లవారుజామున నాలుగు దాకా ఏం చేశారని అరగంటల చొప్పున అడుగుతారు. ఒక అరగంటలో గరిష్ఠంగా మూడు పనులు రాసుకుంటారు, ఒక్కోటీ కనీసం పది నిమిషాలైనా చేసి ఉండాలి.

నేనూ ఒక వారం నా రోజును ఇలా రాసి చూశాను. మూడో రోజుకల్లా పట్టిక నింపడమే పట్టికలో రాయాల్సిన పనైంది. అయినా ఒకటి తెలిసింది. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా ఉన్న మూడు గడుల్లో ఏం రాయాలో ఒక్క రోజు కూడా గుర్తు రాలేదు.

సర్వే అంకెలు చదివేటప్పుడు ఒక మెలిక ఉంది, పత్రికల్లో తరచుగా తప్పిపోయేది. సగటు రెండు రకాలు: ఆ పని చేసినవాళ్ల సగటు ఒకటి, మొత్తం జనం సగటు ఇంకొకటి. 2019 అంకెలతో చూడండి. జీతం లేని ఇంటిపని చేసిన ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. మూడింతల తేడా. కానీ ఆ రోజు ఇంటిపని చేసినవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. 299ని 0.812తో హెచ్చిస్తే సుమారు 243 నిమిషాలు. 97ని 0.261తో హెచ్చిస్తే సుమారు 25. అసలేమీ చేయనివాళ్లను కూడా కలుపుకుంటే మూడింతలు కాస్తా దాదాపు పదింతలైంది. రెండు లెక్కలూ నిజమే, అడిగిన ప్రశ్నలు వేరు. 2024లో మొదటి రకం సగటు ఆడవాళ్లకు 289, మగవాళ్లకు 88కి వచ్చింది. ఇద్దరికీ కొంచెం తగ్గింది, వాళ్ల మధ్య ఎడం మాత్రం తగ్గలేదు.

అదే 2024 సర్వేలో సంస్కృతి, వినోదం, మాధ్యమాలు, క్రీడల కింద సగటున రోజుకు 171 నిమిషాలు నమోదయ్యాయి. దాదాపు మూడు గంటలు! ‘టైము లేదనేవాళ్లందరూ టీవీ ముందు కూర్చుంటున్నారు’ అని తేల్చేయడానికి ఈ ఒక్క అంకె చాలు. తేల్చేయడమే తొందరపాటు. ఈ సగటులో ఆరేళ్ల పిల్లలూ ఉన్నారు, ఉద్యోగ విరమణ చేసిన తాతయ్యలూ ఉన్నారు. పైగా ఈ వర్గీకరణలో వేణువు సాధన చేయడమూ, సీరియల్ చూడడమూ ఒకే పెద్ద పద్దు కిందికి వస్తాయి. డీఎస్సీకి చదవడం మాత్రం విద్య పద్దులోకి వెళుతుంది. సర్వేకు మన ఆశయాలతో పనిలేదు.

168 గంటల ఉదాహరణ

ఒక ఇంటిని ఊహించుకుందాం. హైదరాబాద్‌లో వనస్థలిపురం, ఇద్దరు పిల్లలు. భర్త కూకట్‌పల్లిలో ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తాడు, వారానికి ఆరు రోజుల పని. బండి మీద ఎల్బీనగర్ స్టేషన్, అక్కడి నుంచి మెట్రో. అతనికి వేణువు నేర్చుకోవాలని ఎప్పటినుంచో ఉంది. భార్య బీఈడీ చేసింది, డీఎస్సీకి చదువుతోంది.

వారానికి 168 గంటలు. అతని నిద్ర రోజుకు ఏడు గంటల లెక్కన 49. భోజన విరామంతో కలిపి ఉద్యోగం తొమ్మిది గంటల చొప్పున ఆరు రోజులకు 54. రాకపోకలు రోజుకు రెండున్నర గంటలు, ఆరు రోజులకు 15. స్నానం, తిండి, తయారవడం రోజుకు రెండు చొప్పున 14. కూరగాయలు, బిల్లులు, పిల్లల బడి వంటివి రోజుకు ఒకటి చొప్పున 7. మొత్తం 139. మిగిలింది 29 గంటలు.

ఇరవై తొమ్మిది! వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకులు బోర్డు మీద ఈ అంకె వేసి, చుట్టూ సున్నా చుట్టి, సభ వైపు తిరుగుతారు.

ఆ గంటలు ఎక్కడున్నాయో విడదీస్తే కథ మారుతుంది. పనిదినానికి మిగిలేది రెండున్నర గంటలు. ఆరు రోజులకు 15. తక్కిన 14 ఒక్క ఆదివారంలోనే ఉన్నాయి. వేణువు వంటి విద్యకు వారానికొకసారి ఏడు గంటల కంటే రోజూ అరగంట మేలు, పెదవికీ ఊపిరికీ అలవాటు పట్టాలి కాబట్టి. అంటే సగం ఖాళీ అతనికి అక్కరకు రాని రూపంలో ఉంది. ఆ ఆదివారం కూడా ఒక గృహప్రవేశం, ఒక పుట్టినరోజు, బండి సర్వీసింగు పోగా మిగిలేదే. పనిదినాల రెండున్నర గంటల్లో ఎక్కువ భాగం రాత్రి తొమ్మిది తర్వాత వస్తుంది. అప్పుడు అతనికి లేనిది ఖాళీ కాదు, ఓపిక.

ఆమె ఉదయం ఆరున్నర నుంచి ఏడు

ఇదే ఇంట్లో ఒక్క అరగంటను దగ్గరగా చూద్దాం. కుక్కర్ స్టవ్ మీద ఉంది, మూడో కూత రావాలి. పక్క పొయ్యి మీద పాలు. చిన్నవాడి యూనిఫాం ఇస్త్రీ అవుతోంది, వాడు పక్కనే నిలబడి ఏడో ఎక్కం తప్పు చెబుతున్నాడు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, అందులో పిల్లల మనస్తత్వశాస్త్రం పాఠం. పిల్లల ఆలోచన దశలవారీగా ఎదుగుతుందన్న పియాజే సిద్ధాంతంలో మూడో దశ దగ్గరకు వచ్చేసరికి కాలింగ్ బెల్. గ్యాస్ సిలిండర్ వచ్చింది, ఓటీపీ చెప్పాలి, ఓటీపీ భర్త ఫోనుకు వస్తుంది, భర్త స్నానంలో ఉన్నాడు.

సర్వే లెక్కలో ఈ అరగంటకు వంట, ఇస్త్రీ, పిల్లల చదువు అని మూడు పనులు రాస్తే గడి నిండిపోతుంది. పాఠం విన్న సంగతికి చోటు లేదు. ఆమె మాత్రం ‘ఇవాళ అరగంట పాఠం విన్నాను’ అనుకుంటుంది. సాయంత్రం మాదిరి ప్రశ్నల్లో పియాజే మూడో దశ తప్పుతుంది, తన జ్ఞాపకశక్తిని తిట్టుకుంటుంది.

జ్ఞాపకశక్తి తప్పేమీ లేదు. ఒక పని తెగకుండానే మరో పనికి మళ్లితే ధ్యాసలో కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రయోగాలతో చూపించారు. పాలు పొంగుతాయేమో అన్న జాగ్రత్త తల వెనక ఉన్నంతసేపూ పాఠానికి పూర్తి మనిషి దొరకరు. పది నిమిషాల ముక్కలు ఆరు కలిస్తే గడియారానికి గంట అవుతుంది, చదువుకు కాదు. నిజమే, ముక్కల్లోనూ పనికొచ్చేవి ఉంటాయి. చదివినవాటిని మననం చేసుకోవడానికి, చిన్న ప్రశ్నలు రాయడానికి పది నిమిషాలు బాగానే సరిపోతాయి. కొత్త పాఠం అర్థం చేసుకోవడానికి, వ్యాసం రాయడానికి సరిపోవు. ఆమెకు కావలసింది రెండో రకం.

ఇది ‘వీలు’కు సంబంధించిన సమస్య. ఆమె మధ్యాహ్నం రెండు గంటలకు పుస్తకం తెరిచినా ఆ గంట పిలిస్తే పలకాల్సిన గంటే. అత్తగారి మందులు, మూడున్నరకు బడి బస్సు, నీళ్ల ట్యాంకర్. 2024 సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం ఇంట్లోవారి సంరక్షణలో పాలుపంచుకున్నారు, రోజుకు సగటున 140 నిమిషాలు. మగవాళ్లలో 21.4 శాతం, 74 నిమిషాలు. ఈ 140 నిమిషాలు ఒకచోట కుదురుగా ఉంటే వేరే మాట. అవి రోజంతా చల్లి ఉంటాయి.

తెల్లవారుజామున లేస్తే సరిపోతుందా?

అందరూ చెప్పే చిట్కా ఇదే, కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చూడాలి. పాత లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు, రెండు గడియలు ఒక ముహూర్తం, అంటే 48 నిమిషాలు. బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగుస్తుంది. ఆరు గంటలకు పొద్దు పొడిస్తే అది 4.24 నుంచి 5.12 దాకా.

దీన్ని సమర్థించేవారి వాదనలో పస ఉంది. ఆ వేళ ఫోను మోగదు, ఎవరూ పిలవరు, తల తేలిగ్గా ఉంటుంది. అంటే వీలూ ఓపికా రెండూ ఒకేసారి దొరికే అరుదైన వేళ అది. రాత్రి పదిన్నరకు కొట్టుకుని కొట్టుకుని గంటలో చదివేది తెల్లవారుజామున అరగంటలో వచ్చేస్తుందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

కాదనేవారి మాట కూడా వినదగ్గదే. నాలుగున్నరకు లేవడం రోజుకు గంట కలపదు, రాత్రి గంటను తెచ్చి ఉదయం పెడుతుంది. పెద్దలకు ఏడు గంటలకు తగ్గని నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. దీపాలు ఆర్పి ఎనిమిదిన్నరకే పడుకున్న రోజుల్లో నాలుగున్నరకు లేస్తే ఎనిమిది గంటల నిద్ర. పదకొండున్నరకు పడుకునే ఇంట్లో అదే ఐదు. పడుకునే వేళ మార్చకుండా లేచే వేళ మార్చిన చాలామంది పదో రోజుకు వదిలేసేది అందుకే. కొందరి ఒంటి తీరే రాత్రికి సరిపడేది, వాళ్లను సోమరులనడం అన్యాయం.

మన ఉదాహరణలో మరో చిక్కు ఉంది. భర్త ఐదింటికి లేచి వేణువు అందుకున్నాడనుకోండి, అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ వాళ్లు మూడో రోజు తలుపు కొడతారు. ఇక ఆమె ఇప్పటికే ఐదింటికి లేస్తోంది. ఇంకా ముందు లేవమనడం తేలికైన సలహా.

అంచనా ఎందుకు తప్పుతుంది?

‘ఈ సంక్రాంతికల్లా సిలబస్ పూర్తి’ అనుకుంటాం, ఉగాది దాటుతుంది. దీనికి మనస్తత్వవేత్తలు డానియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే పేరు పెట్టారు. తెలుగులో ప్రణాళికా భ్రమ అనవచ్చు. 1994లో ప్రచురితమైన ఒక కెనడా అధ్యయనంలో విద్యార్థులను సిద్ధాంత వ్యాసం ఎప్పటికి పూర్తవుతుందని అడిగారు. వాళ్లు చెప్పిన సగటు 33.9 రోజులు. అన్నీ ఎదురు తిరిగితే అని అడిగితే 48.6 అన్నారు. నిజంగా పట్టినవి 55.5 రోజులు. అత్యంత నిరాశతో వేసిన అంచనా కూడా వాస్తవం ముందు ఆశావాదమే అయింది. రాబోయే పనిని ఊహించేటప్పుడు పనినే చూస్తాం, మధ్యలో వచ్చే జ్వరాన్నీ పెళ్లినీ చూడం. ఇదే తరహా పని కిందటిసారి ఎన్నాళ్లు పట్టిందో తీసి చూడటం కాస్త నమ్మదగిన కొలత.

అలవాటు పడటానికి 21 రోజులు చాలన్న ప్రచారం కూడా ఇలాంటిదే. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక చిన్న పని దానంతటది జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషినిబట్టి, పనినిబట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం కనిపించలేదు. ఇరవై రెండో రోజున తనను తాను తిట్టుకుంటున్నవాళ్లకు ఇది పనికొచ్చే సమాచారం.

సంకల్పమా, పరిస్థితులా?

ఇక అసలు తగవు. ఒక పక్షం అంటుంది: గంటలు అందరికీ 24, తేడా అంతా సంకల్పంలోనే. వీళ్లకు ఆధారాలు లేకపోలేదు. ‘రోజూ చదువుతాను’ అనే బదులు ‘పిల్లలు బస్సెక్కగానే బాల్కనీలో కూర్చుని చదువుతాను’ అని వేళనూ చోటునూ ముడివేసుకున్నవారు ఎక్కువగా నెరవేర్చుకుంటారని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చెబుతున్నాయి. 2006లో 94 అధ్యయనాలను కలిపి చూసినా ఫలితం గట్టిగానే నిలిచింది.

రెండో పక్షానికి 24 గంటలు సమానమన్న మాటే ఒప్పుకోలు కాదు. అమెరికా ఆర్థికవేత్త క్లేర్ వికరీ 1977లోనే పేదరికాన్ని డబ్బుతో పాటు సమయంతోనూ కొలవాలన్నారు. డబ్బున్న ఇల్లు వంటమనిషిని పెట్టుకుని గంటలు కొనుక్కుంటుంది, లేని ఇల్లు గంటలు అమ్ముకుంటుంది. రాజనీతి శాస్త్రజ్ఞుడు రాబర్ట్ గుడిన్, ఆయన సహచరులు దీనికి ఇంకో సవరణ చేశారు: ఒక పనికి మనం వెచ్చిస్తున్న సమయం వేరు, తప్పనిసరిగా వెచ్చించాల్సిన సమయం వేరు. ఇంటి అద్దె కట్టడానికి చేసే ఓవర్‌టైమూ, మూడో పడకగది కోసం చేసే ఓవర్‌టైమూ గడియారంలో ఒకటే. తప్పనిసరి పోగా మిగిలినదే నిజంగా మన ఇష్టానికి వదిలిన సమయం.

నాకనిపించేది ఇది. ఆ భర్త విషయంలో మొదటి పక్షం చాలావరకు ఒప్పు. రాత్రి తొమ్మిది తర్వాతి ఖాళీలోంచి ఒక అరగంట తీసి ఎనిమిదిన్నరకు, పక్క ఫ్లాట్ వాళ్ల టీవీ మోగుతున్న వేళకు, వేణువు పెట్టుకుంటే పని మొదలవుతుంది. భార్య విషయంలో అదే సలహా ఇస్తే నేరం ఆమె మీద మోపినట్టే. ఆమెకు వేళాపట్టిక కంటే ముందు, ఆ వేళకు తలుపు తీసే రెండో మనిషి కావాలి.

పది గంటల రోజు ఈ ఇంటికి ఏం చేస్తుంది?

భర్త సంస్థ కొత్త వెసులుబాటును వాడుకుందనుకుందాం. భోజన విరామం పక్కన పెడితే ఇప్పుడు రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఆరు రోజులకు 48. నాలుగు రోజులు పదేసి గంటలు, ఐదో రోజు ఎనిమిది పెట్టినా అదే 48. ఆరో రోజు సెలవు కాబట్టి ఒక రోజు రాకపోకల రెండున్నర గంటలు, భోజన విరామం మిగులుతాయి. అంకెల్లో లాభమే. కానీ నాలుగు సాయంత్రాల నుంచి రెండేసి గంటలు పోతాయి, అతను ఎనిమిదిన్నరకు ఇంకా మెట్రోలోనే ఉంటాడు. రోజూ అరగంట కావలసిన వేణువుకు అది దెబ్బ.

ఆరో రోజు సెలవు ఇచ్చి తీరాలని కూడా ఎక్కడా లేదు. మూడు నెలల్లో 144 గంటల దాకా ఓవర్‌టైము చేయించుకునే వీలు రెండు రాష్ట్రాల మార్పుల్లోనూ ఉంది, అంటే వారానికి సుమారు పదకొండు గంటలు. దానికి రెట్టింపు వేతనం ఇవ్వాలి. ఆ డబ్బు కావాలా, ఆ గంటలు కావాలా అన్నది ఇంటి అప్పునుబట్టి తేలుతుంది.

సెలవే వచ్చిందనుకుంటే, శనివారం అతను పిల్లలనూ వంటనూ చూసుకుంటే ఆమె గది తలుపు వేసుకుని రెండున్నర గంటల మాదిరి పరీక్ష మొత్తం ఒక్క బిగిన రాయవచ్చు. ఇన్నాళ్లూ ఆమెకు దొరకనిది అదే. లేదంటే శనివారం మధ్యాహ్నం వేడి అన్నం వడ్డించాల్సిన కంచం ఇంకొకటి పెరుగుతుంది. ఆ రెండింట్లో ఏది జరుగుతుందో ప్రభుత్వ ఉత్తర్వులో రాసి లేదు, శుక్రవారం రాత్రి ఆ ఇద్దరూ మాట్లాడుకోవాలి.